లక్ష్మి నిలవని ప్రోగ్రాము

రెండువేల సంవత్సరం దాటాక, తిరుపతిలో మేం ముగ్గురం కలిసి తెలుగు టైపు చేసే ప్రోగ్రాము ఒకటి రాశాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పులుంటే దిద్ది, ఆ దిద్దుబాటు కోడును ప్యాచ్‌గా పంపొచ్చు. వాడింది మాత్రం ఒక్కడే. వాడూ మా ముగ్గురిలోవాడే, పాకాల స్టేషను దగ్గర శుభలేఖల అంగడి వాళ్లది.

ముగ్గురిలో పెద్దవాడైన మా సీనియరు ఏ పెద్ద ప్రాజెక్టును చూసి మనసు పడ్డాడో కానీ, ముగ్గురికీ నిబంధనలు పెట్టాడు. ఎవరు ప్యాచ్ పంపినా ఆయన పరిశీలించాలి. విడుదలకు వారం ముందు తలుపులు మూసేయాలి, అంటే ఆపైన ఏ ప్యాచ్‌నూ లోపలికి రానివ్వకూడదు. తేదీలు చూసుకునే పని నాకిచ్చాడు, నన్ను కోడు రాయనివ్వడం కన్నా అదే క్షేమమని.

'లక్ష్మి' అని కొడితే చాలు, ప్రోగ్రాము మూతపడేది. పాకాలవాడు దానికి ప్యాచ్ పంపాడు. మా వైపు ఆ పేరు లేకుండా శుభలేఖలు వేయడమంటే, ఉప్పు లేకుండా ఊరగాయ పెట్టడమే. సీనియరు తీరిగ్గా చదివి, కోడు వరుసల మొదట్లో ఖాళీలు సరిగా లేవని తిప్పి పంపాడు. వాడు దిద్ది పంపేసరికి, తలుపులు మూసేశామన్నాడు సీనియరు.

వాడు రైలెక్కి వచ్చేశాడు. ఈ విడుదలలో లక్ష్మి రాకపోతే అంగడిలో మునుపటి పాత ప్రోగ్రామే పెట్టుకోమని వాళ్ల నాయన తేల్చేశాడట. అంటే, మా వాడుకరులంతా ఒక్కసారిగా వెళ్లిపోతారు.

"పెండ్లికూతుర్ని పేరు మార్చుకోమని చెప్పేదానికి అయితాదా అన్నా?" అన్నాడు.

"రూలు రూలేబ్బా. వచ్చే విడుదలలో సూస్తాం."

మా ఊళ్లో ఏ ఆఫీసులోనైనా 'సూస్తాం' అంటే చూడబోమని.

ఆ తర్వాత సీనియరు విడుదల ప్రకటన చెప్పడం, నేను కొట్టడం. మన ప్రోగ్రాములోనే కొట్టాలని ఆయన పట్టుదల. పేజీ నిండాక, పైన దేవుడి పేరు మరిచామని గుర్తొచ్చింది. శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర అని మొదలుపెట్టమన్నాడు. పెద్దల మాట అక్షరాలా పాటించాను. ప్రకటన మొత్తం మాయమైంది.

పాకాలవాడు నింపాదిగా అన్నాడు: "దేవుడు గూడా తలుపులు మూసినాక వచ్చినట్టుండాడన్నా."

ప్యాచ్ ఆ సాయంత్రమే లోపలికి వెళ్లింది, ఖాళీలు ఇంకోసారి చూశాకే అనుకోండి. విడుదల వాయిదా పడింది. కారణం 'అనివార్యం' అని నేనే రాశాను.

కొత్త ప్రోగ్రాములో వేసిన మొదటి శుభలేఖను వాళ్ల నాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరకే వచ్చినదానికి బాగనే ఉండాది," అన్నాడట. ఖాళీల సంగతి ఆయనేమీ ఎత్తలేదు.