నాలుగుసార్లు బాగుచేసిన బండి

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, శ్రావణమాసం మొదట్లో నన్ను విశాఖపట్నం నుంచి పలాస కార్ల సర్వీస్ సెంటరుకి ఫోర్‌మన్‌గా వేశారు. రిటైర్మెంటుకి రెండేళ్లుంది. ఫోర్‌మన్ అంటే మెకానిక్కులకి పైన, మేనేజరుకి కింద. బండి బాగుపడితే పేరు మేనేజరుది, బాగుపడకపోతే సంతకం ఫోర్‌మన్‌ది. నా సంతకంతో వెళ్లిన బండి అదే రోగంతో తిరిగి రాలేదని నాకు పొగరు కూడా ఉండేది. దాన్ని దించడానికే అన్నట్టు సముద్రపొడ్డునున్న అక్కుపల్లి నుంచి దేవదానం వచ్చాడు.

అతను చేపల బోటులో తన వాటా అమ్ముకుని పాత పెట్రోలు కారు కొని, పలాసలో ఒక ప్రభుత్వ ఆఫీసుకి అద్దెకి తిప్పేవాడు. బాప్టిస్టు సంఘం మనిషి, మాట మెత్తన. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజను మిస్ కొడుతోందన్నాడు. అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి మండదు, మిగతా మూడూ దాన్ని మొయ్యాలి. బండి వణుకుతుంది, ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. కాసేపు వేడెక్కితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. దీనివల్ల ఆఫీసరుగారు రెండుసార్లు ఆలస్యమయ్యారు. ఇలాగే ఉంటే వేరే బండి పెట్టుకుంటానన్నారు. దేవదానానికి ఆ అద్దె తప్ప వేరే జీవనాధారం లేదు.

స్కానరు పెడితే రెండో సిలిండరని చూపించింది. దాని స్పార్క్ ప్లగ్గు నిజంగానే అరిగిపోయింది. కొత్తది వేయించి, జాబ్ కార్డులో కారణం రాసే గడిలో ‘ప్లగ్గు’ అని రాసి సంతకం పెట్టాను. తర్వాత మా గురువుగారు నేర్పిన పద్ధతిలో కొబ్బరికాయ కొట్టి, బానెట్ ఎత్తి, నీళ్లు ఇంజను మీద చిలకరించి బండి అప్పగించాను. కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉండగా కొబ్బరికాయకి కరువేముంది. దేవదానం చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు.

మర్నాడే బండి మళ్లీ వచ్చింది. అదే రెండో సిలిండరు. ప్లగ్గుకి కరెంటిచ్చే దాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాని కాయిల్ దీనికి మార్చాం. తప్పు కాయిల్‌దైతే రోగం దాని వెంటే పోవాలి. పోలేదు. కంప్రెషన్ చూశాం, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కడిగాం. ప్లగ్గు దిగే గుంటలో కాస్త బంక, నాలుగు చచ్చిన చీమలు కనిపించాయి. జీడితోట పక్కన పెట్టే బండికి చీమలు పట్టవా అనుకుని, తుడిపించి గాలి కొట్టించాను. కార్డులో ‘ఇంజెక్టరు’ అని రాశాను. కాయ కొట్టాను. బండి వెళ్లింది, వచ్చింది. మూడో కార్డులో ‘సముద్రపు గాలి’ అని రాశాను. అప్పటికి నా సంతకం కొంచెం చిన్నదైంది. అప్పగించేముందు రెండు రోజులు మా దగ్గర ఉంచుకుంటే రెండు పొద్దులూ సెల్ఫ్ కొట్టగానే లేచిన బండి, ఇంటికెళ్లగానే మొరాయించింది. నాలుగోసారి రోగం ముదిరిందని రెండు కాయలు కొట్టాను.

అయిదోసారి దేవదానం ముఖం చూడలేకపోయాను. బండిలో అసలు లోపమేమిటో సెంటరు నుంచి రాయించుకు రావాలని, లేకపోతే ఆ వారంతో సరి అని ఆఫీసరుగారు చెప్పేశారట. మళ్లీ అంతా శుభ్రం చేయించి, నేను కాయ అందుకోబోతే అతను మొహమాటంగా అడ్డొచ్చాడు.

“ఏటనుకోకండి బాబూ, ఈపాలికి కొబ్బరికాయ ఒద్దండి. నాను పార్థన సేసుకుంటాను.”

బానెట్ మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు ప్రార్థించి బండి తీసుకెళ్లాడు. మర్నాడు బండి లేచింది. ఆ మర్నాడూ లేచింది. ఇక స్కానరు అమ్మేసి పాస్టరుగారిని పెట్టుకుందామని మా మెకానిక్కులు నా వెనకాల నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. దేవుడు బాగుచేశాడంటే నాకేం అభ్యంతరం లేదు. కాని కార్డులో ఆ గడి నింపాల్సింది నేను.

శుక్రవారం వేరే బండికి కాయ కొట్టాను. నీళ్లు ఇంజను మీదుండే ప్లాస్టిక్ మూత మీద పడి నేలకి కారాయి. భోజనం చేసి వచ్చేసరికి అక్కడ చీమల బారు. ప్లగ్గు గుంటలో చచ్చిన నాలుగు చీమలు గుర్తొచ్చాయి. దేవదానం బండికి ఆ మూత ఎప్పుడో విరిగిపోయింది. గుంటలకి మూతగా ఉండే కాయిళ్ల రబ్బర్లు ఎండి పగిలాయి. నేను నిలబడే వైపు నుంచి చిలకరిస్తే నీళ్లు పడేది సరిగ్గా రెండో గుంటలోనే. కొబ్బరినీళ్లలో ఉప్పూ తీపీ ఎండి బంకకడతాయి. తెల్లారేసరికి ఆ బంక సముద్రపు తేమని పీల్చుకుంటుంది. కరెంటు ప్లగ్గు కొసకి చేరకుండా ఆ తడి వెంట పక్కకి జారిపోతుంది. ఇంజను వేడికి ఆరితే అంతా మామూలే. రిపేరులో గుంట శుభ్రం చేయించిందీ నేనే, అప్పగింతలో మళ్లీ నింపిందీ నేనే.

అప్పటికీ నమ్మబుద్ధి కాక, అదే వయసున్న నా సొంత కారుకి మూత తీసేసి కొబ్బరినీళ్లు చిలకరించాను. మా ఆవిడది సోంపేట. వీధి అరుగు మీద నుంచి చూసి, “ఏటండీ, పెరుగూ తేనే కూడా తెమ్మంటారేటి?” అంది. మర్నాడు పొద్దున్న నా కారు చక్కగా మిస్ కొట్టింది. బండి చెడిపోయినందుకు అంత సంతోషించడం నా సర్వీసులో అదొక్కసారే.

ఇక ఆఫీసరుగారికి ఉత్తరం రాయాలి. సముద్రపు గాలి అని రాసేస్తే నా పరువు దక్కేది. కాని అక్కుపల్లిలో గాలి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దేవదానం అద్దె పోయేది. అందుకని ఉన్నదున్నట్టు రాశాను: మొదటి లోపం ప్లగ్గు, తర్వాత నాలుగుసార్లూ ఫోర్‌మన్ చిలకరించిన కొబ్బరినీళ్లు. ఆయన ఆ కాగితాన్ని ఆఫీసంతా చదివి వినిపించారని తర్వాత తెలిసింది. బండిని మాత్రం ఉంచుకున్నారు.

ఇందులో మహిమ ఏమీ లేదని దేవదానానికి గుంట చూపించి మరీ వివరించాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

“అవునండి బాబూ. మరి నాను పార్థన సేసుకుంటానన్నందుకే గదండీ, మీరు కొబ్బరికాయ మానీసినారు.”

 రిటైరయ్యేదాకా కాయ ముందు చక్రం దగ్గరే, బానెట్ మూశాకే కొట్టాను. తిరిగొచ్చిన బండిలో మొదట వెతకాల్సింది కిందటిసారి దాని మీద మనం చేసిన పని.