వేలు పెట్టి చూపించు

మా మనవరాలికి చైనీస్ నేర్పిన టీచరమ్మ పోయారు. మొన్న బీరకాయలు తరుగుతుంటే మా అమ్మాయి ఫోన్ చూసి చెప్పింది. "సరిగ్గా చదివావా? ఇంకెవరన్నా అయ్యుంటారు" అన్నాను. ఎప్పుడూ చెడే ఊహించే నేను, ఈ ఒక్కసారి మంచి ఊహించాలని చూశాను.

నేను పెద్దగా చదువుకోలేదు. ఇక్కడ డబ్లిన్‌లో కూతురి ఇంట్లో ఉంటాను. స్నేహితురాళ్ళు వెళ్తున్నారని మనవరాలు కూడా శనివారం చైనీస్ క్లాసులో చేరింది. పిల్లను ఒక్కదాన్నే వదలాలంటే నాకు భయం. వెనక కూర్చుంటానంటే టీచరమ్మ కాదనలేదు. పైగా తన ఫ్లాస్కులోంచి నాకూ వేడినీళ్ళు పోసిచ్చేవారు.

మా పిల్ల అక్షరాలు బాగానే గుర్తుపట్టేది. పాఠం చదివి కింది ప్రశ్నలకు జవాబులు చెప్పమంటేనే వచ్చేది చిక్కు. సగం చదివి, మిగతాది ఊహించేసేది. ఇలాగైతే చిన్నపిల్లల క్లాసుకు దింపేస్తారని తెలిసి నాకు అన్నం సయించలేదు. "నేను క్విట్ చేస్తా అమ్మమ్మా" అని అది ఏడుపు.

ఒక రోజు పాఠంలో ఓ ముసలమ్మ మనవడి కోసం బస్టాపుకి వస్తుంది. ఎందుకు వచ్చిందని ప్రశ్న. మా పిల్ల టక్కున ఏదో చెప్పింది. క్లాసంతా నవ్వింది. ఏమన్నావే అని తర్వాత అడిగాను.

"బస్ క్రాష్ అయ్యిందేమో అని భయపడి వచ్చింది అన్నా."

"అలా ఎందుకన్నావే?"

"నువ్వు అలానే వస్తావు కదా!"

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "ఎక్కడ రాసుంది? వేలు పెట్టి చూపించు" అన్నారట. దాని వేలు ఒక్కో వరసే దిగుతూ వెళ్ళడం నేనూ చూశాను. ఆవిడ తొందరపెట్టలేదు, అందించలేదు. నేనైతే ఆపాటికి నోరు తెరిచేసేదాన్ని. చివరికి వేలు ఆగింది. అక్కడ వాన ఉంది, ముసలమ్మ చేతిలో గొడుగు ఉంది. భయం ఎక్కడా లేదు.

"మీ అమ్మమ్మ ఈ పాఠంలో లేరు. కావాలంటే చివరి ప్రశ్నలోకి రావచ్చు" అన్నారట. ఆవిడ ఇచ్చే చివరి ప్రశ్న ఎప్పుడూ 'నీకేమనిపిస్తోంది?' అనే. దానికి మాత్రం వేలు అక్కర్లేదు.

ఆ తర్వాత మా పిల్ల వేలు పెట్టకుండా జవాబు చెప్పలేదు. దాన్ని ఏ క్లాసుకీ దింపలేదు.

ఇంకోసారి మా అమ్మాయి మమ్మల్ని తీసుకెళ్ళడానికి రావడం ఆలస్యమైంది. "కారుకేదో అయ్యిందే" అని మనవరాలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తాళాలు పట్టుకుని బయల్దేరిన టీచరమ్మ ఆగి, నా పక్కన కూర్చుని, తన ఫోన్‌కి అమ్మాయి పంపిన మెసేజీ చూపించి ఏదో అన్నారు.

"అమ్మమ్మా, టీచర్ అడుగుతోంది, యాక్సిడెంట్ అని ఎక్కడ రాసి ఉంది? నువ్వు వేలు పెట్టాలి."

పెట్టాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. ట్రాఫిక్ అని ఉంది, అంతే. కంగారు పూర్తిగా పోలేదు కానీ, ఊపిరి ఆడింది. మా ఇద్దరికీ ఒక్క భాషా కలవకపోయినా, నన్నంత బాగా చదివిన మనిషి ఈ దేశంలో ఇంకొకరు లేరు.

అందుకే మొన్న కత్తిపీట పక్కకు జరిపి, "ఎక్కడ రాసుందే?" అన్నాను. మనవరాలు ఫోన్ తీసుకుని నా పక్కన నేల మీద కూర్చుంది. మెసేజీ పైన చైనీస్, కింద ఇంగ్లీషు. అది చైనీస్ వైపే చూసి, ఒక వరస కింద వేలు పెట్టింది. తీయలేదు. నేనూ పక్కనే నా వేలు పెట్టాను.

కాసేపటికి తెర ఆరిపోయింది. నల్లటి గాజు మీద దాని వేలి గుర్తు, పక్కనే బీరకాయ తడితో నాది.