క్లోరిన్ ఉన్న వైపు నుంచి లెక్క

మా మామయ్యకు ముద్దుపేర్లంటే ఒళ్లుమంట. మనుషులవైనా సరే, సీసాలవైనా సరే. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. క్లోరోఫామ్ అన్నవాణ్ణి ట్రైక్లోరోమీథేన్ అనేదాకా కూర్చోనిచ్చేవాడు కాదు. ముద్దుపేరు వింటే లోపల ఏముందో తెలియదట. అసలు పేరైతే, ఒక కార్బన్‌ను మూడు క్లోరిన్లు పట్టుకుని ఉన్నాయని చూడకుండానే తెలిసిపోతుందట.

ఓసారి మమ్మల్ని నాటకానికి తీసుకెళ్లాడు. విలన్ రుమాలు ఊపుతూ, హీరోయిన్‌కి క్లోరోఫామ్ ఇచ్చానని గొప్పగా ప్రకటించాడు. మామయ్య లేచి నిలబడి పేరు సరిదిద్దాడు. విలన్ బిత్తరపోయి, బుద్ధిగా ట్రైక్లోరోమీథేన్ అని మళ్లీ చెప్పాడు. స్పృహ తప్పి పడున్న హీరోయిన్ కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత మా ఇంటిల్లిపాదినీ ఎవరూ నాటకానికి పిలవలేదు.

ఇంట్లోనూ అదే వరస. అత్తయ్యను లోకమంతా బుజ్జి అంటుంది. ఈయన మాత్రం ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు పిలిచేవాడు. పాలు పొంగుతున్నాయని చెప్పాలన్నా అంతే. పేరు పూర్తయ్యేలోపు పాలు గిన్నె దిగి పొయ్యి చేరేవి.

"ఆయన పిలుపుకి కాదు, మాడు వాసనకి వెళ్తా నేను" అనేది అత్తయ్య.

పేరు ముందుండే అంకె అంటే ఆయనకు మరీ ప్రాణం. నాలుగు కార్బన్ల గొలుసుకు ఒక కొసన క్లోరిన్ ఉంటే, లెక్క ఆ కొస నుంచే మొదలవ్వాలి. అది 1-క్లోరోబ్యూటేన్. రెండో కొస నుంచి లెక్కపెట్టి 4-క్లోరోబ్యూటేన్ అని రాసినవాడికి సున్నా, పైగా ఇంటికి కబురు.

ఆ మధ్య ఆయన బుగ్గ బంతిలా వాచింది. రాత్రంతా నిద్రలేదు. పొద్దున్నే నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బెంచీ మీద తలుపు పక్కన మామయ్య, తర్వాత పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి, ఆ పక్కన సెలవు కోసం సర్టిఫికెట్టు కావాలన్నాయన. చిట్టచివర ఒకావిడ, ఒళ్లో జ్వరంతో మూలుగుతున్న పాప. ముందు పంపమని ఆవిడ బతిమాలింది. వరస తప్పితే ఊరుకోరన్నాడు కాంపౌండరు.

కాసేపటికి మామయ్యను రమ్మన్నాడు. మామయ్య కదల్లేదు.

"ఎటునుంచి లెక్కపెడుతున్నావు?"

"తలుపు వైపు నుంచండీ. మీరే ఒకటి."

"తప్పు. ఈ బెంచీ నాలుగు కార్బన్ల గొలుసు. మేం ముగ్గురం ఉత్తచేతుల వాళ్లం. ఆవిడ చేతిలో బిడ్డ ఉంది. అంటుకున్నది ఎటుంటే లెక్క అటునుంచి. ఆవిడ ఒకటి, నేను నాలుగు."

కాంపౌండరు తల పట్టుకున్నాడు. మామయ్య జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద గొలుసు గీసి, వివరించడం మొదలుపెట్టాడు. గొడవ విని డాక్టరు బయటికొచ్చాడు. గోడ చూశాడు, మామయ్యను చూశాడు, చేతులు కట్టుకున్నాడు. ఒకప్పుడు 4-క్లోరోబ్యూటేన్ అని రాసి సున్నా తెచ్చుకున్న శిష్యుడతను.

"ఒకటో నంబరును పంపు" అన్నాడు కాంపౌండరుతో.

బుగ్గ పట్టుకుని మళ్లీ తన చోటే నాలుగో నంబరుగా కూర్చున్న మామయ్యను చూస్తే, ఇన్నాళ్లూ నేను చాదస్తం అన్నది కూడా ముద్దుపేరేనేమో, లోపలున్నదాని అసలు పేరు వేరేమో అనిపించింది. చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

పాప మందు పడి, కాస్త తేరుకుని బయటికొచ్చింది. మామయ్య పేరడిగాడు.

"చిన్ని అంటామండీ" అంది తల్లి.

ఇక పాఠం మొదలవుతుందనుకున్నాను. పాప ఆయన వేలు పట్టుకుంది.

"చిన్ని" అన్నాడు మామయ్య. తర్వాత నావైపు తిరిగి, "కొన్నిటికి వాడుక పేరు కూడా చెల్లుతుందిలే" అని గొణిగాడు.

ఆయన వంతు కూడా అయ్యాక ఇంటికెళ్లేసరికి పొయ్యి మీద పాలు పైకి లేస్తున్నాయి.

"బుజ్జీ, పాలు" అన్నాడు మామయ్య.

పెళ్లయ్యాక మొదటిసారి ఆయన నోట ఆ పిలుపు విన్న అత్తయ్య, గరిటె చేత్తో పట్టుకుని, ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. పాలు ఆ రోజూ పొంగిపోయాయి.