మా మిద్దె మీద వాలిన పావురం

బాల్కనీలో పావురాలు చేరాయి, వల కట్టించమని ఇంట్లో నెల నుంచి ఒకటే పోరు. తలుపు తీస్తే చాలు, ఎండిన రెట్టా, పై అంతస్తువాళ్లు చల్లే జొన్నలూ కలిసిన వాసన గుప్పుమంటుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం బహదూర్‌పురాలో మా మిద్దె గుర్తొస్తుంది, దాని వెంటే పాత కోపమూ వస్తుంది.

మా బాపు సిటీ బస్సు కండక్టరు. బస్సులో ఎవరైనా మరిచిపోయిన గొడుగో టిఫిన్ డబ్బానో కనబడితే, ఎంత అలసిపోయినా డిపోలో అప్పజెప్పి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. బళ్లో దొరికిన పెన్సిల్ ముక్క నేను జేబులో వేసుకొస్తే, చెవి పట్టుకుని వెనక్కి నడిపించాడు. అదే బాపు ఖాకీ చొక్కా విప్పి మిద్దెక్కాడంటే వేరే మనిషి. చలికాలం సాయంత్రాలు, కింద అమ్మ జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడూ, దూరంగా జూలో సింహం అరుపూ వినబడుతుంటే, గుడ్డ కట్టిన వెదురుకర్ర ఊపుతూ, ఈల వేస్తూ, తన పావురాల గుంపును ఆకాశమంతా తిప్పేవాడు. వేరేవాళ్ల పావురం దారితప్పి మనవాటితో పాటు దిగితే పట్టేసుకోవడమే ఆ ఆటలో గెలుపు. దాని రెక్కలు దారంతో కట్టి, మన పావురంతో జత కలిపి, పాత ఇల్లు మరిచేదాకా ఉంచాలి. నా వేళ్లు సన్నగా ఉంటాయని ఆ దారం పని నాకు అప్పజెప్పాడు. బాపు తర్వాత ఈ షోకు నేనే నిలబెట్టాలని ఇంట్లో అందరి ఆశ.

ఒకనాడు తోక మీద నల్లమచ్చ ఉన్న తెల్ల పావురం దిగింది. అది వెనక గల్లీలో సైకిల్ షాపు నడిపే ఖాదర్ చాచాదని అందరికీ తెలుసు.

"ఇచ్చొస్త బాపూ" అన్నాను.

"మన మిద్దె మీద వాలింది మనదేరా. ఇదేమన్న బస్సా?" అన్నాడు.

ఏడుస్తూనే దారం కట్టాను. మర్నాడు సైకిల్‌కు గాలి కొట్టించడానికి వెళ్తే, చాచా ఇవ్వమని అడగలేదు. "దానా తింటున్నదా?" అన్నాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

చలి తగ్గే రోజుల్లో, బాపు డ్యూటీలో ఉండగా దారం విప్పేశాను. అది సైకిల్ షాపు మీదుగా ఓ చుట్టు తిరిగి, తిన్నగా మా మిద్దెకే వచ్చి తన జత పక్కన వాలింది. నాకు ఒళ్లు మండింది. చొక్కాలో పెట్టుకుని నేనే చాచా దగ్గరికి మోసుకెళ్లాను.

"నక్కో బేటా" అంటూ తల అడ్డంగా ఊపాడు చాచా. "మీ దానా తిన్నది, మీదే ఇగ. వాపస్ తీసుకుంటే నా ఇజ్జత్ ఏముంటది?" కాసేపు దాని మెడ నిమిరి నా చేతుల్లో పెట్టాడు. "ఎండలు ముదిరితే దీని నీళ్లల్ల జర సోంపు ఎయ్యమను మీ బాపును."

పట్టుకున్నవాడూ పోగొట్టుకున్నవాడూ ఒకే మాట మీద ఉంటే నా న్యాయం ఎవరికి కావాలి? ఆ ఉక్రోషంలో ఇంటికొచ్చి బాపుతో అంతా చెప్పేశాను. తన్నులు తప్పవనుకున్నాను. "సోంపు అన్నడా" అని మాత్రం అడిగాడు. ఎండలు ఇంకా రానేలేదు, అయినా వంటింట్లోంచి గుప్పెడు సోంపు తీసుకుని మిద్దెక్కాడు.

నేను మళ్లీ దారం పట్టలేదు. బాపు కొన్నాళ్లు సాధించి ఊరుకున్నాడు. కానీ అప్పటినుంచి రోజూ గుంపును వెనక గల్లీ మీదుగా తిప్పేవాడు. చాచా చేతిలో గాలిపంపుతోనే షాపు బయటికొచ్చి, తలెత్తి చూస్తూ నిలబడేవాడు.

ఆ మిద్దె లేదు, ఆ షాపూ లేదు. వాళ్ల పద్ధతి తప్పని ఇప్పటికీ అంటాను. రేపు వల కట్టేవాడు వస్తాడు. బాల్కనీ నిండా పావురాలే, నాది ఏదని తలెత్తి చూసే మనిషి మాత్రం ఒక్కడూ లేడు.