లేని గోడల ఇంజనీరు

మా ఇంజనీరుగారికి ఉన్నది ఒకటే జబ్బు. కట్టని ఇంట్లో తిరగడం.

ఖాళీ స్థలంలో సున్నంతో గదుల గీతలు పోయించేవారు. చెప్పులు బయట విడిచి, గాలిలో గడియ తీసి లోపలికి వెళ్లేవారు. లేని కిటికీ రెక్క తోసి బయటికి చూసేవారు. ఒక్కోసారి మా వైపు తిరిగి, "నెమ్మది! ఆ గదిలో పిల్లలు పడుకున్నారు" అనేవారు. పదిహేనేళ్లు ఆయన దగ్గర తాపీ పని చేశాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ గడియ చప్పుడు నేను రెండుసార్లు విన్నాను.

ఎండ ఎటు దిగుతుందో, గాలి ఏ మూల నుంచి వస్తుందో చూడనిదే ఆయన కాగితం మీద గీత పెట్టేవారు కాదు. ఆయన కట్టిన ఇళ్లలో వేసవిలో ఫ్యాను కూడా ఊరికే వేలాడేది. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు ఆయనకు దణ్ణం పెట్టేవారు. దారినపోయేవాళ్లు మాత్రం 'దయ్యాల ఇంజనీరు' అనుకుంటూ అడుగు వేగం పెంచేవారు.

నేను ఇసుక తట్టతో అడ్డంగా నడిచానంటే కేక పడేది.

"ఏమయ్యా మేస్త్రీ! గోడలోంచి వస్తావేంటి? మనిషివా, దయ్యానివా?"

"గోడేదండీ?"

"నీ పొట్టలోనే ఉంది. వెనక్కెళ్లి గుమ్మంలోంచి రా."

వెళ్లేవాణ్ణి. ఏం చేస్తాను!

ఒకసారి కొండవాలులో, వాగు పక్కన ఇల్లు. మందుల షాపాయన తన కుటుంబానికీ, తల్లికీ కట్టించుకుంటున్నాడు. మామూలుగా ఈ తిరుగుడు ఒక్కరోజుతో సరిపోయేది. ఇక్కడ నెల గడిచినా పునాది తియ్యనివ్వలేదు. పైగా కొత్త పిచ్చి ఒకటి మొదలైంది.

"అందరూ కళ్లు మూసుకుని నడవండి! చెంపకి గాలి తగిలితే వసారా. కుడిచెవిలో వాగు వినబడితే వంటిల్లు."

పొద్దెక్కినా వీడని పొగమంచులో ఆరుగురు కూలీలం చేతులు చాచి తడుముకుంటూ తిరిగేవాళ్లం. మాతోపాటు షాపాయన తల్లి, పెద్దమ్మగారూ రోజూ వచ్చి తిరిగేవారు. చూసినవాళ్లు ఏమనుకుని ఉంటారో ఆ దేవుడికే తెలియాలి.

ఒక పొద్దున నేను దొంగచాటుగా కళ్లు తెరిచాను. మంచులో తెల్లశాలువా ఒకటి కదులుతోంది. పెద్దమ్మగారు. గుమ్మం దగ్గర కాలెత్తి దాటారు. నడవాలో తిరిగారు. వంటింట్లో నిలబడి, లేని అలమరలోంచి లేని డబ్బా తీసి, మూత బిగించి మళ్లీ పెట్టారు. ఒక్క గీత కూడా తొక్కలేదు. తనలో తాను నవ్వుకున్నారు. దేవుడి పేరు తలుచుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాను.

నా వెనకే షాపాయన వచ్చి నిలబడి ఉన్నాడు.

"మా అమ్మనేం చేశారండీ మీరు?" అని అరిచాడు. "పని ఆపండి! నాలుగు గోడలు లేపి ఏసీ పెట్టేవాణ్ణి చూసుకుంటాను."

ఇంజనీరుగారు పెద్దమ్మగారి వైపు చూశారు. పెద్దమ్మగారే అన్నారు.

"ఆయన్ని అనకురా. నాకు చూపు పోతోంది."

"అమ్మా! నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మంచం దిగనిస్తావా? పొయ్యి ముట్టుకోనిస్తావా? ఆమధ్య నాకు కాలు బెణికితేనే, స్నానాలగది ముందు నీ పెళ్లాన్ని నెల్లాళ్లు కాపలా పెట్టావు. ఈ ఇల్లు నా కాళ్లకి వచ్చేసిందిరా. ఇంకో ఇల్లు నేర్చుకునేంత చూపు మిగల్లేదు."

షాపాయన చుట్టూ తిరిగి వెళ్లి, చెప్పులు విడిచి, గుమ్మంలోంచి తల్లి దగ్గరికి వచ్చాడు.

మర్నాడే పునాది తీశాం. తవ్వుతూ అడిగాను.

"మరి మా అందరి కళ్లూ ఎందుకు మూయించారు సార్?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"పదిమంది తడుముకుంటుంటే, ఆవిడ తడుముకోవడం ఎవడు చూస్తాడయ్యా?"

ఇల్లు పూర్తయ్యాక ఆ కుటుంబం మమ్మల్నందరినీ భోజనానికి పిలిచింది. ఇంజనీరుగారు కళ్లు తెరుచుకునే, నాతో మాట్లాడుతూ, నిజమైన తలుపుకి ధనామని నుదురు కొట్టుకున్నారు. వంటింట్లోంచి పెద్దమ్మగారు గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"నిదానంగా రండి బాబూ! కొత్తచోటు కదా."