పిల్లలకు ముందు అన్నం

ప్రియ సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసుకునే సుజాతను నేను. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదని ఈ సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడ్డాను.

మా బిడ్డ కృప ఐదో తరగతిలో ఉండగా పొద్దున్నే చెమటలు పట్టి, కళ్లు తేలేసి, మూర్ఛ వచ్చి పడిపోయేది. మందులు వాడినా తగ్గలేదు, అపవిత్రాత్మ పట్టిందని నలుగురూ అన్నారు, దాంతో ఉప్పల్‌లో మన మందిరానికి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తీసుకొచ్చేదాన్ని. "నా కోసమే గదమ్మా ప్రార్థన, నేను గూడ తినను" అని అది కూడా పస్తుండేది. మధ్యాహ్నానికి కిందపడి కొట్టుకునేది. ఆత్మ వదిలిపోతోందని మేమంతా చుట్టూ చేరి ఇంకా గట్టిగా ప్రార్థించేవాళ్లం. ఆకలికి నా బిడ్డ పడిపోతుంటే మేము స్తోత్రాలు చెప్పాము, సహోదరులారా.

ఒక శుక్రవారం ఎంతసేపటికీ లేవలేదు. పాస్టరమ్మగారు "జర ఆగున్రి, బిడ్డ ఒళ్లు సల్లగైంది" అని, ఆదివారం ప్రభు సంస్కారపు బల్ల కోసం చక్కెర వేసి కాచిపెట్టిన ద్రాక్షరసంలో వేలు ముంచి దాని బుగ్గ లోపల రాస్తూ కూర్చున్నారు. కాసేపటికి కృప కళ్లు తెరిచింది. "తీపి తగిలితే లేసింది సుజాతా, గీ ముచ్చట డాక్టర్‌కు చెప్పాలె, పా" అని ఆమే మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయారు.

కడుపులో క్లోమం మీద చిన్న గడ్డ ఉందని, అది ఇన్సులిన్ ఎక్కువగా వదిలి రక్తంలో చక్కెరను పడగొడుతోందని పరీక్షల్లో తేలింది. కడుపు పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాలో చూస్తూ గడ్డ తీస్తామన్నారు. ఆపరేషన్ గది బయట నేల మీద కూర్చుని, "తండ్రీ, తెలువక నీ పేరు మీద బిడ్డను పస్తు పెట్టినం, డాక్టర్ల చేతులల్ల నీ చెయ్యి పెట్టు, నా బిడ్డను నాకియ్యి" అని ఏడ్చాను.

ఇచ్చాడు. ఆ తర్వాత మూర్ఛ రాలేదు, దేవునికే మహిమ. కానీ అన్నిసార్లు మూర్ఛ రావడంతో దాని జ్ఞాపకశక్తి దెబ్బతింది. సండే స్కూల్లో అందరికంటే ముందు వాక్యం అప్పజెప్పిన పిల్ల ఇప్పుడు సగంలో ఆగి నా ముఖం చూస్తుంది, మిగతా సగం నేను అందిస్తాను.

మీ బిడ్డ పడిపోతుంటే ప్రభువును నమ్మండి, నమ్మి డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. శుక్రవారం పిల్లలను తీసుకురండి, ఇప్పుడు మన మందిరంలో వాళ్లకు అన్నం పెట్టాకే ప్రార్థన మొదలుపెడుతున్నాము. వడ్డించేది మా కృపే. పెట్టిన సంగతి మరచిపోయి ఒకరికే మళ్లీ పెడుతుంది, దయచేసి వద్దనకండి.