కుళాయి దగ్గర నుంచి కనిపించేది

నా చిన్నప్పుడు, మా ఊళ్ళో బడి ఏడో తరగతితో అయిపోతే, పై చదువుకు నన్ను రెంటచింతలలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. కొత్త తరగతిలో అందరికీ అప్పటికే జతలున్నాయి. మధ్యాహ్నం వాళ్ళు గుంపులుగా కూర్చునేవారు. నేను బడి వెనక కుళాయి దగ్గర ఒక్కదాన్నే తిని, మళ్ళీ గంట కొట్టేదాకా పొద్దుపోక గిన్నెను రెండుసార్లు కడిగేదాన్ని.

మా ఇంగ్లీషు టీచరమ్మ ఒకరోజు ‘నా స్నేహితుడు’ అని ఇంగ్లీషులో వ్యాసం రాసుకురమ్మన్నారు. అందరం గైడులో రాము గురించి ఉన్న వ్యాసమే చూసి దించేశాం. మర్నాడు ఆవిడ పుస్తకాలు తిరగేసి నవ్వారు.

“ఏందిరా, ఈ రాము ఒక్కడే మీ అందరికీ పక్కింట్లో ఎట్టుంటన్నాడు?”

“వాడు చానా బాడుగిళ్ళు మారతాడు టీచర్!” అన్నాడు వెనక బెంచీలో ఎవరో. తరగతంతా గొల్లుమంది.

“గైడు మూసేసి, మీరెరిగిన మనిషి గురించి నాలుగు ముక్కలు రాసుకురండి. తప్పులొస్తే నేను దిద్దుతాగా.”

రాయడానికి నాకెవరూ లేరు. వ్యాసాలన్నీ పైకి చదవడం ఆవిడ అలవాటు. లేరని రాస్తే, అంతవరకూ ఎవరి కంటా పడని నా ఒంటరితనం అందరి నోళ్ళలో పడుతుంది. అబద్ధం కల్పించడానికి నాకంత ఇంగ్లీషు రాదు. చివరికి ఉన్నదే రాశాను. ఇక్కడ నాకు స్నేహితులు లేరు. కుళాయి దగ్గర తింటాను. గిన్నె రెండుసార్లు కడుగుతాను.

మర్నాడు ఒక్కో పుస్తకం చదువుతూ ఆవిడ నాదాకా వచ్చారు. ఆవిడ మనసులోనే చదువుకుని, “ఇది ఇంటికి తీసకపోయి చూస్తానమ్మా,” అని సంచిలో పెట్టుకున్నారు.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు రెండు తప్పులు దిద్ది ఉన్నాయి. మార్కులు లేవు. కింద ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉంది: అక్కడి నుంచి నీకేం కనిపిస్తుంది?

అప్పటిదాకా నేను తలెత్తి చూడనే లేదు. ఆ మధ్యాహ్నం చూశాను. నాపరాళ్ళ గోడ అవతల మిరప నారుమడి, దానికి కాపలాగా ఒక ముసలమ్మ. అదే రాసిచ్చాను. మళ్ళీ ప్రశ్న వచ్చింది: ఆమె ఎవరితో కలిసి తింటుంది? అడుగుదామని గోడ దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె అంది, “ఏమే పిల్లా, అన్నిసార్లు కడిగితే గిన్నె అరిగిపోయిద్దే!”

ఆమె కూడా ఒక్కతే తినేది.

ఆ ఏడంతా నాకు బడిలో జత దొరకలేదు. ప్రశ్నలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మరుసటి ఏడు టీచరమ్మకు బదిలీ అయింది. నేను రాయడం మానలేదు.

ఉద్యోగం విరమించాక నరసరావుపేటలో ఒక్కదాన్నే ఉంటున్నాను. రోజూ డైరీలో వరసగా తేదీ, ఎండా వానా, వండుకున్నది, ఇంటికి వచ్చినవాళ్ళు రాస్తాను. ఆఖరిది చాలా రోజులు ఖాళీయే. అప్పుడు ఎర్ర పెన్ను తీసి, కింద ఒక ప్రశ్న రాసుకుంటాను. నిన్నటిది ఇది: ఎదురింటి మేడమీద కొత్తగా దిగిన పెద్దాయన, తానొక్కడే ఉంటూ, రోజూ రెండు కుర్చీలు ఎందుకు వేస్తున్నాడు?

జవాబు కోసం ఈ పొద్దున తలుపు తీయాలి.